తీర్థమును పరీక్షింపవచ్చునా?

వేసవి వచ్చినదనగానే మన గ్రామములలో చలివేంద్రములు వెలయుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. తాటాకు పందిరి, ఇసుకపై నిలిపిన కొత్త కుండలు, వాటిపై తడిగుడ్డ, ప్రక్కన చెంబుతో ఒక ముదుసలి, ఇంతియే దానికి కావలసిన సంభారము. జలదానమును మన స్మృతికర్తలును పురాణకర్తలును ఎంతగా కొనియాడినారో ఈ పత్రికా పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. దప్పిగొన్నవానిని నీవెవరవని అడుగరాదు. అడిగిన దినములు కూడ మన ఊళ్లలో ఉండెనని సిగ్గుతో ఒప్పుకొనవలెను. అది వేరు ప్రసంగము.

నేడు నేను విన్నవింపదలచినది ఆ చెంబు నీటిని అందుకొనువానిని గూర్చి. అతడు కూడ ప్రశ్నింపడు. ఈ నీరు ఏ బావిది, ఎట్టిది అని అడుగడు. ఇచ్చువాని ముఖము చూచి, దోసిలి పట్టి త్రాగును. ఇక ఆ ఇచ్చుచోటు దేవాలయమైనచో చెప్పవలసినదేమున్నది? అర్చకస్వామి ఉద్ధరిణెతో పోసిన తీర్థమును కన్నులకద్దుకొని పుచ్చుకొనును; తడిసిన అరచేతిని శిరస్సున నిమురుకొనును. అంతటి విశ్వాసముతో స్వీకరింపబడు నీటిని ఎవరైనను పరీక్షింపవచ్చునా? పరీక్షించుట అపచారము కాదా? లేక పరీక్షింపకుండుటయే అంతకన్న పెద్ద అపచారమా? ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదువునపుడు ఎదురు కాలేదు. మా ఊరి కోదండరామస్వామి ఆలయపు బావివద్ద ఎదురైనది. దానికి నేను మొదట తప్పు సమాధానమే చెప్పినాను.

2022వ సంవత్సరపు శ్రీరామనవమికి పది దినముల ముందు, ఒకప్పుడు ఉన్నత పాఠశాలలో నా వద్ద సంస్కృతము చదువుకొన్న అమ్మాయి ఒకతె మా అరుగువద్దకు వచ్చినది. ఇప్పుడామె ఇద్దరు బిడ్డల తల్లి. కుట్టుపని చేసికొనును, డ్వాక్రా సంఘములో సభ్యురాలు. చేతిలో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉన్నది. 2019 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ప్రకటించిన జలజీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురి చొప్పున, అందును స్త్రీలకు ప్రాధాన్యమిచ్చి, నీటిని పరీక్షించు పద్ధతి నేర్పుచున్నారు. మా ఊరి ఐదుగురిలో ఈమె ఒకతె.

"మాస్టారూ, కుళాయిలూ బోర్లూ అన్నీ అయిపోయాయండీ. స్వామివారి బావి ఒక్కటే మిగిలింది. అర్చకులవారిని అడిగితే మిమ్మల్ని అడగమన్నారు" అన్నది.

ఆలయ కమిటీవారును అర్చకులును ఇట్టి విషయములలో నా మాట అడుగుట వాడుక. నాకు ఆ మాట వినగానే మనస్సు నొచ్చుకొన్నది. "అమ్మాయీ, కుళాయి నీళ్లు వేరు, స్వామి తీర్థం వేరు. తులసీదళం పడిన నీటిని సీసాలో పోసి పరీక్షించడానికి మనమెంతటివాళ్లం?" అన్నాను.

ఆమె వాదింపలేదు. "తులసి పడక ముందు నీళ్లే అడుగుతున్నానండీ" అన్నది. కొంచెమాగి, "పరీక్ష అంటే నాలుగు వైపులా చూడటం అని తొమ్మిదో తరగతిలో మీరే చెప్పారు కదండీ" అని కూడ అన్నది.

నిజమే, చెప్పినాను. 'పరి' అనగా అన్నివైపుల, 'ఈక్ష' అనగా చూచుట. ఆ పాఠమునకు నేను చెప్పుచు వచ్చిన ఉదాహరణము పరీక్షిన్మహారాజు. తల్లి గర్భమున ఉండగా బ్రహ్మాస్త్రాగ్నినుండి తన్ను కాపాడిన దివ్యపురుషుని ఆ శిశువు చూచినాడు. పుట్టిన పిదప కనబడిన ప్రతి మనుజుని, ఆ పురుషుడు వీడేనా అని పరికించి చూచుటచే ఆయనకు పరీక్షిత్తు అను పేరు వచ్చినదని శ్రీమద్భాగవత ప్రథమస్కంధమునందు కలదు. శుకమహర్షి ముఖమున భాగవతమును ఏడు దినములు ఆలకించిన మహాభక్తుని నామమునందే పరీక్ష ఉన్నది. ఆయన పరీక్షించుట అవిశ్వాసముచే కలిగినది కాదు. ఒకసారి చూచినవానిని మరువలేని ప్రేమచే కలిగినది. ఇదంతయు బాలబాలికలకు ముప్పది సంవత్సరములు చెప్పి, మా బావి దగ్గరకు వచ్చునప్పటికి నేనే మరచినాను. అయినను ఆ సాయంకాలము ఆమెను ఊరకే పంపివేసినాను.

రాత్రి భోజనమువద్ద ఈ సంగతి చెప్పగా నా గృహిణి, "నైవేద్యం రుచి చూడకూడదు, సరే. ప్రసాదానికి బియ్యం ఏరేటప్పుడు రాళ్లు చూడటం లేదూ? చూడకపోతే స్వామికి రాళ్లే పెడతాంగా" అన్నది. ఆలయమునకు పులిహోర బియ్యము ఏరి పంపునది ఎన్నో ఏండ్లుగా ఆమెయే. నాకు బదులు తోచలేదు. మరునాడు అభిషేకమునకు తోడిన బిందెనుండి ఒక చెంబు నీరు ఇప్పించినాను.

ఆ అమ్మాయి మా అరుగుమీదనే కూర్చుండి పని ప్రారంభించినది. ఒక్కొక్క గాజుగొట్టములో గీతవరకు నీరు పోసి, చెప్పినన్ని చుక్కల మందు వేసి, వచ్చిన రంగును అచ్చుపట్టికతో పోల్చి, నోటుపుస్తకములో వ్రాసికొన్నది. చుక్కలు లెక్కించునపుడు ఎవరైన పలుకరించినచో బదులు చెప్పలేదు. జపసంఖ్య లెక్కించువారివలె పెదవులు మాత్రము కదలుచుండెను. కాఠిన్యము, నైట్రేటు, ఫ్లోరైడు మొదలైనవన్నియు హద్దులోనే ఉన్నవి. చివరకు ఒక చిన్న సీసాలో నీరు నింపి మూత బిగించి, "ఇది రేపటిదాకా ఉంచాలండీ. నల్లబడకపోతే మంచిది" అని తీసికొనిపోయినది.

ఈ సీసా పరీక్షను ప్రపంచమునకు తెలిపినవారు మన దేశీయులే. గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 1982లో దీనిని ప్రకటించినారు. మలముతోపాటు నీటిలో చేరు సూక్ష్మజీవులలో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువును పుట్టించును. సీసాలోని ఇనుప లవణము ఆ వాయువు సోకి నల్లనగును. దీనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. మన వేసవి వెచ్చదనమే చాలును. వంటింటి గూటిలో పెట్టి ఏ గృహిణియైనను చూడవచ్చును. అయితే నలుపు వచ్చినంతమాత్రమున తీర్పు చెప్పరాదు. కొన్ని నేలలలో స్వభావముచేతనే ఆ వాయువు నీటిలో ఉండవచ్చును. కావున నల్లబడిన నీటిని ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకొనవలెను.

అరుగుమీద ఆ సీసాలను చూచుచున్నపుడు నాకు సుశ్రుతుడు స్మరణకు వచ్చినాడు. సుశ్రుతసంహిత సూత్రస్థానములో ద్రవద్రవ్యములను వివరించు అధ్యాయమున నీటికి ఆరు దోషములు చెప్పబడినవి: స్పర్శ, రూప, రస, గంధ, వీర్య, విపాక దోషములు. చేతికి జిగట తగులుట, పాచిరంగు, చెడు రుచి, దుర్గంధము, ఈ నాలుగును ఇంద్రియములకు తెలియును. గ్రహించినవాడు నీరు పారబోయును. తక్కిన రెండును అట్లు తెలియవు. త్రాగిన పిమ్మట దప్పియు బరువును నొప్పియు కలిగినచో వీర్యదోషమనియు, నీరు అరుగక కడుపు ఉబ్బినచో విపాకదోషమనియు గుర్తింపవలెను. అనగా ఆ రెండు దోషములకు సాక్షి త్రాగినవాని దేహమే. శోధనకై కాచుట, ఎండలో ఉంచుట, కాల్చిన ఇనుమును నీటిలో ముంచుట, చిల్లగింజతో తేర్చుట మొదలైన ఉపాయములను కూడ ఆ మహానుభావుడు చెప్పినాడు. బురదనీటి కుండలోపల మా అమ్మ చిల్లగింజను అరగదీయుట నేను చిన్నతనమున చూచినాను. తేటపడిన ఆ నీరు ఎంత చల్లగా ఉండెడిదో చెప్పలేను. కాని తేట వేరు, దోషరహితత వేరు అని ఆనాడు మాకు తెలియదు. దేహము చెప్పువరకు వేచియుండవలసిన మాటను ఈనాడు సీసా ముందుగనే చెప్పుచున్నది.

ఆ కడపటి దోషములు ఎట్టివో మన తెలుగునేలకు తెలిసినంతగా మరి ఎవరికి తెలియును? 1930 ప్రాంతమున దర్శి, పొదిలి, కనిగిరి సీమలలో రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగుసుకొని నడువలేకపోవుట మొదట గమనించినారు. 1937లో వైద్యులు, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు, అదే పీడ మనుష్యులలో కనుగొని, నీటిలోని ఫ్లోరైడు దానికి కారణమని వ్రాసినారు. మన దేశమున ఆ వ్యాధిని గూర్చిన మొదటి వివరణము అదియే. తరువాత నల్లగొండ జిల్లా పేరు దానితో ముడిపడినది. గారపట్టిన పండ్లు, వంగిన వెన్నులు, నిండు యౌవనములో చేతికర్ర! ఆ నీరు అద్దమువలె ఉండును. రుచి లేదు, వాసన లేదు. గుడ్డతో వడగట్టినను పోదు. కాచినచో నీరు ఆవిరియై పోయి దోషము మరింత చిక్కపడును. భారతీయ ప్రమాణముల ప్రకారము ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరు నీరు దొరకనిచోట 1.5 దాటరాదు. ఆ అరమిల్లీగ్రాము భేదమును ఏ జిహ్వ కనిపెట్టగలదు? అరుగుమీది గాజుగొట్టములో గులాబిరంగు పసుపువైపునకు తిరుగుట చూచి మాత్రము తొమ్మిదవ తరగతి చదివిన ఆడపడుచు చెప్పగలదు.

ఇక మా బావి సంగతి. మరునాటి ఉదయము ఆమె ఒంటరిగా వచ్చి, చెంగుచాటునుండి సీసా తీసి చూపినది. కాటుకవలె నల్లగా ఉన్నది. ఎవరికిని చెప్పలేదనియు, బావినీరు మరియొక సీసాతో ప్రయోగశాలకు పంపుచున్నాననియు, జవాబు వచ్చుటకు నాలుగైదు దినములు పట్టుననియు చెప్పి, "ఈలోగా ఏం చేద్దామండీ?" అని అడిగినది.

పాఠకులు మన్నింతురుగాక, నేను చెప్పిన మాట ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను. "నవమి కానీ అమ్మాయీ. ల్యాబు వాళ్లు ఏమంటారో చూసి చెబుదాం. ఇప్పుడు చెబితే జనం బెదిరిపోతారు, ఉత్సవం పాడవుతుంది" అన్నాను. నలుపు తీర్పు కాదని ఆమెయే చెప్పినది గదా! ఆ సత్యమును నేను పట్టుకొన్నాను. అది సత్యమే, నేను దానిని వాడుకొన్న పని మాత్రము సత్యము కాదు. ఆమె నా ముఖమువంక ఒక క్షణము చూచి, "మీ ఇష్టమండీ" అని వెళ్లిపోయినది.

ప్రయోగశాల జవాబు నవమికి ముందు రాలేదు. అక్కడ పని ఒత్తిడిగా ఉన్నదట. నవమినాడు కల్యాణము వైభవముగా జరిగినది. బావినీటితో పెద్ద గంగాళమున పానకము కలిపినారు. బెల్లము, మిరియాలు, యాలకులు, తులసి. పానకమును ఎవరును కాచరు గదా. ఊరంతయు పుచ్చుకొన్నది. నేనును పుచ్చుకొన్నాను, అది నా తప్పును తగ్గింపదు. మూడవనాటికి ఆలయమునకు పూలు తెచ్చు ఆమె కొడుకు, ఏడేండ్లవాడు, వాంతులు విరేచనములతో ప్రభుత్వాసుపత్రిలో చేరినాడు. మరి నలుగురైదుగురు పిల్లలకు ఇంటివద్దనే మందులిచ్చినారు. పూలామె కొడుకు రెండు రాత్రులు సెలైను సీసా క్రింద పడియుండి, దైవానుగ్రహముచే కోలుకొన్నాడు. అది పానకమువలననే అని ఎవరును నిరూపింపలేదు. ఆ దినములలో పిల్లలు ఐస్‌పుల్లలు తినలేదా, చెరువులో ఈదలేదా? కాదని నిరూపించుటకు మాత్రము నావద్ద ఏమియు లేదు. ఆ మరునాడు ప్రయోగశాలనుండి కాగితము వచ్చినది. 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటియు ఉండరాదని ప్రమాణము చెప్పు ఇ-కోలై అను మలసూచక సూక్ష్మజీవి మా స్వామి బావిలో ఉన్నది.

ఆ రాత్రి నేను నిద్రింపలేదు. వేదాంతమున త్రాటిని చూచి పాము అని భ్రమించువాని కథ మనమందరము విన్నదే. చీకటిలో పాము కావచ్చునని సందేహించినవాడు భ్రాంతుడే కావచ్చును. అయినను దీపము తెచ్చువరకు దానిమీద కాలు పెట్టడు. దీపము ఇంకను రాలేదు కావున అది పాము కాదు అని పిల్లలను దానిమీద నడిపించినవానిని ఏమందురు? మనువు యతిధర్మములు చెప్పుచోట, గుడ్డతో వడగట్టిన నీటిని త్రాగవలెననియు, సత్యముచే వడగట్టిన మాటను పలుకవలెననియు ఒకే శ్లోకమున చేర్చినాడు. చిన్ననాటినుండి వల్లించిన శ్లోకమది. నీటిని గూర్చిన భాగము, మాటను గూర్చిన భాగము ప్రక్కప్రక్కనే ఎందుకున్నవో ఆ రాత్రి ఆలోచించినాను.

మొదటి అభ్యంతరమునకు వత్తము: పవిత్రమైన నీటికి దోషమెట్లు అంటును? యమునకన్న పవిత్రమైనది మా ఊరి బావి కాదు. ఆ యమునలోనే కాళీయుడు చేరినాడు. వేసవి దప్పిచే గోవులును గోపబాలకులును ఆ మడుగునీరు త్రాగి ఒడ్డున ప్రాణములు లేక పడిపోయినారు. శ్రీకృష్ణపరమాత్మ తన అమృతదృష్టిచే వారిని బ్రతికించినాడు. అప్పుడు, ఇది కాళింది, దీనికి విషమెక్కడిది అని స్వామి అనలేదు. నమ్మి త్రాగినందుకు గోపకులను పొగడనులేదు, నిందింపనులేదు. కదంబవృక్షమెక్కి మడుగులోనికి దుమికినాడు. పాము పడగలమీద నర్తించి, దానిని రమణకద్వీపమునకు పంపివేయుచు, ఈ నది గోవులకును మనుష్యులకును అనుభవింపదగినదిగా ఉండవలెనని శాసించినాడు. ఆ ఘట్టమును పాడుకొని పరవశింతుము. మడుగుమీదుగా ఎగిరిన పక్షులు పడిపోవుట, గాలి సోకి ఒడ్డున చెట్లు మాడుట మొదలైన గురుతులు భాగవతము ఎంత శ్రద్ధగా వర్ణించినదో గమనింపము. విష్ణుస్మృతి కూడ, బావిలో పంచనఖజంతువు చచ్చినచో నీరంతయు తోడివేయవలెననియు, మిగిలినదానిని గుడ్డతో తుడువవలెననియు, ఊరిన కొత్తనీటిలో పంచగవ్యము వేయవలెననియు విధించినది. నీటికి దోషము తగులనే తగులదనుకొన్నచో ఆ విధి ఎందుకు? తిరుమలలో స్వామి పుష్కరిణిని ఏటేట నీరు తీసి శుభ్రపరచి తిరిగి నింపుచున్నారు. దానిచే పుష్కరిణి మహిమ తగ్గినదని ఏ యాత్రికుడైనను అనుకొన్నాడా?

బావికి చెల్లినది గంగకు చెల్లునా అని కొందరడుగవచ్చును. కాశీలో సంకటమోచన హనుమదాలయ మహంతు వీరభద్రమిశ్రగారి సంగతి వారికి చెప్పవలెను. ఆయన తులసీదాసస్వామి పరంపరలో పీఠమునందున్నవారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జలశాస్త్రపు ఇంజనీరింగు ఆచార్యులు కూడ. ప్రతిదినము గంగలో మునిగెడివారు. 1982లో సంకటమోచన ఫౌండేషను స్థాపించి, తులసీఘట్టమున ప్రయోగశాల పెట్టి, తాము మునుగు నీటినే పరీక్షింపజేసినారు. స్నానమునకు తగిన హద్దును మించి ఎన్నో రెట్లు మలదోషమున్నదని ఆ లెక్కలు చూపినవి. వాటిని దాచలేదు, స్నానమును మానలేదు. గంగ మలినమైనదన్నచో భక్తుడు చెవులు మూసికొనుననియు, నీ తల్లి దేహముపై ఏమి పోయుచున్నారో వచ్చి చూడుమన్నచో లేచి వచ్చుననియు ఆయన చెప్పుచుండెడివారు. 2013లో పరమపదించినారు. పవిత్రతయు స్వచ్ఛతయు ఒకటి కాదని ఆయనకు తెలిసినట్లుగా నాకు తెలిసియున్నచో నవమి మరియొక విధముగా గడచియుండెడిది.

ఇక రెండవ అభ్యంతరము, నిజము చెప్పవలెనన్న నా మనస్సులోనే దాగియున్నది, సిగ్గుచే పైకి అనలేదు. కుట్టుపని చేయు స్త్రీ మాటమీద ఆలయపు బావిని మూయుటా? అధికారులున్నారు, ఇంజనీరులున్నారు, వారు చెప్పినచో వేరు. న్యాయశాస్త్రము చదివినవాడు ఇట్లు తలంపరాదు. ఆప్తుడు ఎవడు? విషయమును స్వయముగా సాక్షాత్కరించుకొని, చూచినది చూచినట్లు తెలుపవలెనను కోరిక గలవాడు ఆప్తుడని వాత్స్యాయనభాష్యము. ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే అని కూడ భాష్యకారుడు స్పష్టముగా వ్రాసినాడు. పుట్టుకయు పదవియు ఆ లక్షణములో లేవు. ఆ దినమున మా ఊరిలో ఆప్తురాలు ఆమె. నాలుగు శాస్త్రములు చదివిన నేను కాను. ఏలనగా చూచినదానిని చూచినట్లు చెప్పవలెనను కోరిక నాకు లేకపోయినది.

పైగా ఆ పని ఊరివారే చేయుటకు ఒక కారణమున్నది. ప్రయోగశాల పట్టణములో ఉన్నది. అచ్చటివారు మన బావిని ఎప్పుడో ఒకసారి చూతురు. మనము ప్రతి ఉదయము తోడుకొందుము. వాన పడిన మరునాడు, పైపు పగిలిన మరునాడు నీరు మారినదా అని చూడగలవారు త్రాగువారే. అట్లని ఐదుగురు స్త్రీల చేతిలో పెట్టె పెట్టి, పైవారు తమ పని తీరినదని చేతులు దులుపుకొనుటయు న్యాయము కాదు. ఆమె పంపిన సీసాకు సకాలమున బదులిచ్చుట, చెడిన నీటికి మారుగా మంచినీరిచ్చుట వారి బాధ్యతయే. ఊరి బాధ్యత మరియొకటి: చెడువార్త తెచ్చినదని ఆమెను నిందింపకుండుట. కొన్నిచోట్ల ఇట్టివారిని, మా వీధికి చెడ్డపేరు తెచ్చినావని తిట్టిపోయుటయు కలదని ఆమెయే చెప్పినది.

కాగితము వచ్చిన మరునాడు సాయంకాలము ఆరాధనానంతరము మైకు అడిగి తీసికొన్నాను. తిరుక్కోట్టియూరులో భగవద్రామానుజులు గోపురమెక్కి, గురువు రహస్యముగా నుంచుమన్న మంత్రార్థమును అందరికిని చాటిన కథ ఆ మండపమున నేనే ఎన్నిమారులో చెప్పినాను. అందరు తరించినచో తానొక్కడు నరకమునకు పోయినను సరియే అన్న స్వామి ఎక్కడ, ఉత్సవము చెడునని సీసా దాచిన నేనెక్కడ! పోలిక చెప్పుకొనుటకు కూడ నోరు రాలేదు. బావినీరు చెడినదని, పది దినముల ముందే సూచన తెలిసినదని, చెప్పవద్దన్నది నేననియు, ఆ అమ్మాయి కాదనియు చెప్పి కూర్చుండినాను. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఒక పెద్దమనిషి, ఆలయమర్యాద వీధిలో పెట్టినావని కోపించి లేచిపోయినాడు. నేటికిని నాతో సరిగా పలుకడు. పూలామె మాత్రము దగ్గరకు వచ్చి, "ముందే చెప్పుంటే వాడికి పానకం పోసేదాన్ని కాదు కదండీ" అన్నది. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు.

కారణము వెదకగా దూరము పోనక్కరలేకపోయినది. యాత్రికుల వసతికై కట్టిన మరుగుదొడ్ల గుంత బావికి పది గజముల దూరములో కూడ లేదు. ఆ కట్టడమునకు ముహూర్తము పెట్టినదియు నేనే. తిథివార నక్షత్రములు చూచితినిగాని బావి ఎంత దూరమో చూడలేదు. గుంతను ఆవలి ప్రక్కకు మార్చినారు. బావినీరంతయు తోడించి, పూడిక తీయించి, బ్లీచింగు పౌడరు వేయించినారు. వారము దినములు తీర్థములో ఆ వాసన పోలేదు. పచ్చకర్పూరము కూడ దానిముందు ఓడిపోయినది. ఇది అభిషేకార్హమా అని అర్చకస్వామి సందేహము. బావి తేరువరకు శోధించిన కుళాయినీటిని కాచి చల్లార్చి వాడుటకు నిశ్చయించి, తరువాత సంప్రోక్షణ చేసికొన్నాము. రెండుమారులు వరుసగా సీసా నల్లబడక, ప్రయోగశాలయు మంచిదన్న పిదపనే బావిపై మూత తీసినారు.

ఇప్పుడు ప్రతి మాసము ఏకాదశికి మూడు దినముల ముందు ఆమె వచ్చి నీరు తీసికొనిపోవును. ఫలితమును బావిగట్టు ప్రక్కన నల్లబల్లమీద సుద్దతో వ్రాయును. అక్షరములు గుండ్రముగా ఉండును. సున్న తప్పులు రెండు మూడు దిద్దుదునుగాని అంకెలను తాకను. యాత్రికులు కొందరు ఆగి చదువుదురు, కొందరు చూడకయే తీర్థము పుచ్చుకొని పోదురు.

ఈ సంవత్సరము నవమికి ముందు వాన కురిసినది. ఆమె రెండు సీసాలు నింపి, ఒకటి తన ఇంటికి తీసికొనిపోయి, రెండవది మా పూజగది గూటిలో పెట్టినది. ఆ రాత్రి రెండుసార్లు లేచి దీపము పట్టుకొని చూచినాను. మరునాటి రాత్రియు చూచినాను. రంగు మారలేదు. నవమి ఉదయము ఆమె వచ్చి, తన సీసాను నా సీసా ప్రక్కన పెట్టి చూచి, నల్లబల్లమీద వ్రాసిన తరువాత గంగాళములో బెల్లము వేసినారు.